ఇద్దరే నడిపే తెరచాప పడవలో తీరయానం: తిరుపతి, చిత్తూరు దంపతులకు సమగ్ర మార్గదర్శి

"తెరచాప పడవ ఒకటి కొనుక్కుని ఇద్దరమే తీరం వెంట తిరగాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది మన తిరుపతి, పుత్తూరు, చిత్తూరు వైపు వాళ్లే. సముద్రం పక్కన పుట్టినవాళ్లకు చిన్నప్పుడే తెలిసిపోయే సంగతులు మనకు ఎవరో ఒకరు వరుసగా చెప్పాలి. ఇక్కడ ఆ వరుసే ఇస్తున్నాను.

చదువుతున్నంతసేపూ ఒక్కటి గుర్తుంచుకోండి. పడవలో ఇద్దరున్నా పని చేసేది ఒక్కరే. రెండో మనిషి నిద్రపోతూనో, వాంతులతో పడిపోయో ఉంటారు. పడవ ఎంపిక నుంచి లంగరు బరువు దాకా అన్నీ ఒక్కరికి సాధ్యమయ్యేలా చూసుకోవాలి.

## 1. ముందు ఇంట్లో తేల్చుకోండి

చాలా ఇళ్లలో ఈ సరదా ఒకరిది, రెండోవాళ్లు కాదనలేక వస్తారు. ఆయన చుక్కాని పట్టుకోవడం, ఆమె టీ పెట్టివ్వడం అనే పద్ధతి హార్బర్ లోపల బాగానే ఉంటుంది. తీరానికి 10 మైళ్ల దూరంలో ఆయన జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే పడవను రేవుకు తెచ్చేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా డబ్బు ఖర్చు పెట్టకండి.

ఇద్దరూ విడివిడిగా టిక్ పెట్టాల్సినవి:

- ఆగకుండా 100 మీటర్లు ఈదగలను
- ఒంటి మీద బట్టలు, లైఫ్‌జాకెట్‌తో 15 నిమిషాలు తేలగలను
- రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడాను
- ఒక పూర్తి పగలు సముద్రంలో గడిపి నా కడుపు సంగతి తెలుసుకున్నాను

ఆఖరిది చాలా ముఖ్యం. కొండ ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి రానంత మాత్రాన సముద్రంలో రాదని కాదు. ప్రొమెథజీన్ రకం మాత్రలు పని చేస్తాయి కానీ నిద్ర తెస్తాయి. అందుకే డాక్టర్‌ని అడిగి, ముందు ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. మాత్రను పడవ కదలక ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికి వచ్చేస్తుంది.

## 2. నేర్చుకునే క్రమం

మొదట చిన్న పడవ. ఇంజన్ లేని డింగీలో నేర్చుకోండి. తప్పు చేస్తే అక్కడికక్కడే బోల్తా కొడుతుంది కాబట్టి పాఠం బుర్రకెక్కుతుంది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. మనకు దగ్గరంటే చెన్నై హార్బర్. తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్, 1911లో మొదలైన రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్ రెండూ అక్కడే ఉన్నాయి. తిరుపతిలో పొద్దున చెన్నై రైలు ఎక్కితే చాలు.

మొగుడూ పెళ్లాం ఒకే డింగీలో నేర్చుకోకండి. మాటా మాటా పెరగడం ఒక్కటే కారణం కాదు. ఇద్దరిలో చురుకైనవాళ్లు చుక్కాని పట్టేసుకుంటారు, రెండోవాళ్లు తాడు లాగడంతోనే ఆగిపోతారు. వేరే పడవలో, వేరే శిక్షకుడి దగ్గర నేర్చుకుంటే ఆ చిక్కు ఉండదు.

తర్వాత పెద్ద పడవ. బ్రిటన్ సెయిలింగ్ సంస్థ ఆర్‌వైఏ సిలబస్‌లో కాంపిటెంట్ క్రూ, డే స్కిప్పర్ అని 5 రోజుల ప్రాక్టికల్ కోర్సులు ఉంటాయి. ఇద్దరూ డే స్కిప్పర్ దాకా వెళ్లాలి. ఒకరు స్కిప్పర్, ఒకరు క్రూ అని పంచుకుంటే మళ్లీ కథ మొదటికే వస్తుంది.

ఊళ్లో ఉండి చేయగలిగినవి. 10 మిల్లీమీటర్ల తాడు 3 మీటర్లు కొనుక్కుని టీవీ చూస్తూ ముడులు వేయండి. బోలైన్, క్లోవ్ హిచ్, రోలింగ్ హిచ్, ఫిగర్ ఎయిట్ చాలు. కళ్లు మూసుకుని, చేతులు తడిపి వేయగలిగితేనే వచ్చినట్టు. రోజూ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచన చదవండి. అలల ఎత్తు, సుదూరం నుంచి వచ్చే స్వెల్, ప్రవాహం మూడూ అందులో ఉంటాయి. కొన్ని నెలలు చదివితే మన తీరం స్వభావం పట్టుబడుతుంది.

ఇద్దరితో అంత పెద్ద సముద్రం అయ్యే పనేనా అనే అనుమానం ఉంటే, నౌకాదళ అధికారులు దిల్నా, రూప ఇద్దరే ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2024 అక్టోబరులో గోవా నుంచి బయల్దేరి భూమి చుట్టి 2025 మేలో తిరిగొచ్చారు. వాళ్ల శిక్షణ మనకు ఉండదు నిజమే, మనం వెళ్లేది కూడా పుదుచ్చేరి దాకానే కదా.

## 3. పడవ ఎంపిక

28 నుంచి 32 అడుగులు. బంధువులొస్తే చోటు ఉండాలని 40 అడుగులది కొంటే, గాలి పెరిగిన రాత్రి ఆ తెరచాపను ఒక్క మనిషి దించలేరు. బంధువులను హోటల్లో పెట్టండి.

ఉండాల్సినవి:

- చుట్టేసే వీలున్న ముందు తెరచాప
- పెద్ద తెరచాపను కుదించే తాళ్లన్నీ కాక్‌పిట్‌లోంచే (చుక్కాని పట్టి కూర్చునే చోటు నుంచే) అందాలి
- లోపల బిగించిన డీజిల్ ఇంజన్
- ఆటోపైలట్, ఏఐఎస్ (చుట్టూ ఉన్న ఓడలను చూపే పరికరం), పడవకే బిగించిన వీహెచ్‌ఎఫ్ రేడియో (ఓడలతో, రేవుతో మాట్లాడేది)
- నీటిలో మునిగే లోతు 1.5 మీటర్లకు మించకూడదు, మన రేవుల ముఖద్వారాలు ఇసుక మేటలేస్తాయి

పాత పడవైతే సర్వేయర్ లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగల వయసు అడగండి. పదేళ్లు దాటితే మార్చే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. ఏటా నిర్వహణకు పడవ ధరలో పదోవంతు అవుతుందని లెక్క వేసుకుంటే తర్వాత గుండె ఆగిపోదు.

కొనే ముందు ఆఖరి పరీక్ష ఒకటుంది. మీ ఇద్దరిలో బలం తక్కువున్నవాళ్లు ఒక్కరే పెద్ద తెరచాప ఎత్తి, దించి, లంగరు వేసి, మళ్లీ పైకి తీయాలి. కుదరకపోతే ఎంత చౌకైనా ఆ పడవ మీది కాదు.

## 4. కాగితాలు, అనుమతులు

కొచ్చి బోల్గాట్టిలో ఉన్నట్టు మన వైపు కడితే చాలు అనిపించే మెరీనా లేదు. పడవను హార్బర్‌లో క్లబ్ ద్వారానో, పోర్టు అనుమతితోనో ఉంచాలి. కాబట్టి ముందు చోటు, తర్వాత పడవ.

- రిజిస్ట్రేషన్ ఎలా చేయాలో చెన్నైలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో కొనకముందే కనుక్కోండి
- వీహెచ్‌ఎఫ్ రేడియోకు లైసెన్సు కావాలి
- ఇన్సూరెన్సులో తుపాను నష్టం, థర్డ్ పార్టీ రెండూ ఉన్నాయా చూడండి
- దిగబోయే ప్రతి రేవుకూ ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి, మెరైన్ పోలీసులకు సమాచారం ఇవ్వండి
- ఆధార్, పడవ కాగితాల ఒరిజినల్స్ నీళ్లు దూరని సంచిలో పెట్టండి

ఇంకొక్క మాట. విదేశాల్లోని బంధువులు ముచ్చటపడి శాటిలైట్ ఫోనో, శాటిలైట్ మెసెంజరో పంపిస్తామంటారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడితే కేసు అవుతుంది. వద్దనండి.

## 5. ఏ నెలలో ఎటు

తూర్పు తీరానికి తుపానుల కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి జూన్ ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు ఇంకొకటి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్ రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. మిచాంగ్ అంతకుముందే చెన్నైని ముంచేసింది. ఈ నెలల్లో పడవ కట్టేసే ఉండాలి.

మిగిలిన నెలల్లో అనువైనది సంక్రాంతి తర్వాత నుంచి మార్చి ఆఖరు దాకా. కొత్తవాళ్లకు ఇదే సీజను.

జనవరి చివర, ఫిబ్రవరిలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. చెన్నై నుంచి దక్షిణానికి పోవడానికి వీలు. మార్చికి గాలి దక్షిణం వైపుకు తిరుగుతుంది, తీరం వెంట ప్రవాహం కూడా ఉత్తరానికి సాగుతుంది. అప్పుడు వెనక్కి రావడమో, కృష్ణపట్నం వైపు పోవడమో తేలిక. గాలికీ ప్రవాహానికీ ఎదురు వెళ్తే 5 నాట్లు (గంటకు 5 నాటికల్ మైళ్లు) అనుకున్న వేగం 3కు పడిపోతుంది. పొద్దున చేరాల్సిన రేవుకు రాత్రి చేరతారు.

## 6. తిండి, నీళ్లు, కరెంటు, గ్యాసు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు. దానికి సగం అదనంగా, ఒకే ట్యాంకులో కాకుండా విడి క్యాన్లలో పెట్టండి. ఒక క్యాను కారినా ఇంకోటి మిగులుతుంది.

వంట విషయంలో పడవకు ప్రెషర్ కుక్కర్‌ను మించిన పాత్ర లేదు. మూత బిగుసుకుని ఉంటుంది, ఒరిగినా ఒలకదు. పప్పూ బియ్యం కలిపి పెట్టేయొచ్చు. సంగటి కెలికే సరదా మాత్రం రేవులోనే తీర్చుకోండి. మొదటి రోజు వంటే పెట్టుకోకండి. పులిహోర, చిత్రాన్నం, నిప్పట్లు, బొరుగులు, చెనిక్కాయల ఉండలు, అరటిపండ్లు చాలు. నూనె ఎక్కువున్న ఊరగాయ, మసాలా కూరలు మొదటి రోజు కడుపుకు పడవు.

గ్యాసు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపుల కిందినుంచి బయటికి పోవచ్చు, పడవలో మాత్రం అడుగున బిల్జ్‌లోకి దిగి అక్కడే ఉంటుంది. ఒక్క స్విచ్ వేస్తే చాలు. సిలిండర్‌ను అడుగున బయటికి రంధ్రం ఉన్న అరలోనే పెట్టాలి. వంట అయిన ప్రతిసారీ స్టవ్ దగ్గర కాదు, సిలిండర్ దగ్గరే కట్టేయాలి.

కరెంటు లెక్క కాగితం మీద వేయండి. ఆటోపైలట్ గంటకు సగటున 3 ఆంపియర్లు లాగితే 10 గంటలకు 30 ఆంపియర్ అవర్లు. దానికి లైట్లు, రేడియో, ఏఐఎస్, ఫోన్ల చార్జింగ్ కలపండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో రాసి ఉన్నదాంట్లో సగమే వాడుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ పూర్తిగా వేరేగా ఉండాలి.

బయల్దేరే ముందు కొబ్బరికాయ కొడతారు, కొట్టండి. పీచు మాత్రం ఏరేయండి. బిల్జ్ పంపులో ఇరుక్కునేది అలాంటిదే.

## 7. మొదటి యాత్ర ప్లాన్

ముందు హార్బర్ నుంచి వెళ్లి అదే రోజు తిరిగి రావడం కొన్నిసార్లు చేయండి. తర్వాత మహాబలిపురం ఎదురుగా దాకా వెళ్లి, దిగకుండా వెనక్కి తిరగండి. ఆ తర్వాతే పుదుచ్చేరి.

చెన్నై నుంచి పుదుచ్చేరి సుమారు 75 నాటికల్ మైళ్లు. సగటు వేగం 5 నాట్లకు మించి వేసుకోకండి. అంటే 15 గంటలు. తెల్లవారాక రేవు చేరాలంటే మధ్యాహ్నం 4 ప్రాంతంలో బయల్దేరాలి. చెన్నై బయట లంగరేసి ఉన్న ఓడల గుంపును వెలుతురు ఉండగానే దాటేస్తారు. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి బాగా దూరంగా పోవాలి. పుదుచ్చేరి ముఖద్వారంలో ఇసుక మేట మారుతూ ఉంటుంది. చార్టులో (సముద్ర పటంలో) చూపే లోతును నమ్మకుండా, ఆ వారం అక్కడ తిరిగిన బోటువాళ్లను ఫోన్‌లో అడగండి.

ఉత్తరంగా కృష్ణపట్నం సుమారు 70 మైళ్లే అయినా రెండు అడ్డంకులున్నాయి. పులికాట్, ఆర్మగాన్ ఇసుక తిన్నెలు నీటి కిందే దాగి ఉంటాయి. చార్టులో 20 మీటర్ల లోతు గీతకు బయటే ఉండండి. రెండోది శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు సముద్రంలో ప్రమాద ప్రాంతాలు ప్రకటిస్తారు. ప్రయోగం తేదీ వాయిదా పడితే ఆ నిషేధమూ మారుతుంది, కాబట్టి నావేరియా 8 (మన సముద్ర ప్రాంతంలోని నౌకలకు ఇచ్చే) హెచ్చరికలు బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూడాలి.

దారిలో బీచ్ పక్కన లంగరేసి పడుకుందాం అనుకోకండి. మన తీరం తెరిచిన తీరం, స్వెల్ ఆగదు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోవడమే పద్ధతి.

బయల్దేరే రోజు చెక్‌లిస్టు:

- ఇన్‌కాయిస్, ఐఎండీ సూచనలు, పోర్టులో ఎగరేసిన హెచ్చరిక సిగ్నల్ చూశాం
- డీజిల్, ఇంజన్ ఆయిల్, బెల్టు, ఫిల్టర్ అడుగున నీరు చూశాం
- ఎగ్జాస్ట్‌లోంచి చల్లార్చే నీళ్లు పడుతున్నాయి
- ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు లైట్లు వెలుగుతున్నాయి
- లంగరు విప్పి సిద్ధంగా ఉంది
- ఊళ్లో ఒక మనిషికి దారి, చేరే టైమ్ రాసిచ్చాం

ఆ మనిషి బావమరిదైనా, పక్కింటాయనైనా, ఏ టైమ్ దాటితే కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వండి. "సిగ్నల్ లేదేమోలే" అని పొద్దున్నదాకా ఆగిపోయే రకానికి ఈ పని అప్పగించకండి.

## 8. సముద్రంలో

కాపలా వంతులు. రాత్రి 3 గంటలు ఒకరు, 3 గంటలు ఇంకొకరు. పైన ఒంటరిగా ఉన్నవాళ్లు పడవకు తాడుతో కట్టుకునే ఉండాలి. రెండోవాళ్లను లేపకుండా పడవ ముందు భాగానికి పోకూడదు. నిద్ర పాడుచేయడం ఎందుకులే అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఓడలు. ఓడ 18 నాట్లతో వస్తుంటే 6 మైళ్ల దూరం 20 నిమిషాల్లో అయిపోతుంది. దిక్సూచిలో దాని దిశ మారకుండా దగ్గరవుతోందంటే ఢీకొనే దారిలో ఉన్నట్టు. తెరచాపకు దారివ్వాలనే నియమం ఉన్నా, పెద్ద ఓడ మీద ఉన్నవాళ్లు మిమ్మల్ని చూశారో లేదో తెలియదు. తొందరగా, స్పష్టంగా కనబడేలా దారి మార్చండి. ఇంజన్ వేశారంటే తెరచాప ఎత్తి ఉన్నా మీది మర పడవ కిందే లెక్క.

వలలు. మన తీరంలో ఓడల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే. వల చివర థర్మాకోల్ ముక్కో, ప్లాస్టిక్ సీసానో, నల్ల జెండానో ఉంటుంది. రాత్రి జాలర్లు టార్చి కొడితే అక్కడ వల ఉందని అర్థం. వాళ్లు చెయ్యి ఊపిన వైపే పోండి. వేట చేస్తున్న పడవకు తెరచాప పడవే దారివ్వాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం, కానీ చిన్న పడవలు వస్తూనే ఉంటాయి. ఆ నెలల్లో మీరు ఎలాగూ వెళ్లరు.

తెరచాప కుదించడం. "కుదించాలేమో" అని మొదటిసారి అనిపించినప్పుడే కుదించండి. ఒక్కరే చేసే వరుస:

1. ముందు తెరచాపను సగం చుట్టేయండి.
2. పడవను గాలికి దగ్గరగా పెట్టి ఆటోపైలట్‌కు అప్పగించండి.
3. పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య కిందికి పడిపోకుండా దాన్ని పైకి పట్టే తాడు బిగించండి.
4. పెద్ద తెరచాప షీటు (తెరచాపను లాగి పట్టే తాడు) వదలండి. తెరచాప రెపరెపలాడుతుంది, కంగారు పడకండి.
5. హాల్‌యార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) కొద్దికొద్దిగా వదిలి ముందు అంచు కన్నాన్ని కొక్కేనికి తగిలించండి, మళ్లీ హాల్‌యార్డ్ గట్టిగా లాగండి.
6. వెనక అంచు రీఫ్ తాడును (కుదించే తాడును) వించ్ (తాడు చుట్టి లాగే చక్రం) మీద బిగించండి.
7. మూడో మెట్టులో బిగించిన తాడు వదిలి, షీటు లాగండి.

ఆరో మెట్టు కంటే ముందు షీటు లాగితే తెరచాప చిరుగుతుంది. రేవులో, గాలి లేనప్పుడు ఈ ఏడూ ఇద్దరూ విడివిడిగా చేయండి.

## 9. ఒకరు నీళ్లలో పడితే

పడవ మీద మిగిలింది ఒక్కరే. పుస్తకాల్లో ఒకరు చూపుడు వేలితో చూపిస్తుంటే ఇంకొకరు చుక్కాని తిప్పుతారు, మీకు ఆ ఇంకొకరు లేరు.

1. తేలే వస్తువు ఏది చేతికందితే అది విసరండి.
2. ముందు తెరచాప షీటు వదలకుండా పడవను గాలి మీదుగా తిప్పేయండి. ముందు తెరచాప వెనక్కి పట్టేసి పడవ దాదాపు ఆగిపోతుంది. దూరం పోకుండా ఉండటమే ముఖ్యం.
3. జీపీఎస్‌లో ఎంఓబీ బటన్ (మనిషి పడ్డ చోటును గుర్తుపెట్టేది) నొక్కండి, వీహెచ్‌ఎఫ్ రేడియో చానల్ 16లో మేడే (ప్రాణాపాయ పిలుపు) చెప్పండి. తర్వాత రద్దు చేసుకోవచ్చు.
4. నీళ్లలో తాళ్లు వేలాడటం లేదని చూశాకే ఇంజన్ వేయండి. దగ్గరికి రాగానే న్యూట్రల్.
5. మనిషిని ముందు తాడుతో పడవకు కట్టేయండి. ఎక్కించడం తర్వాత.
6. నిచ్చెన ఎక్కలేకపోతే హాల్‌యార్డ్‌కు నాలుగు రెట్లు బలమిచ్చే కప్పీ తగిలించి వించ్‌తో లేపండి.

అసలు కష్టం ఆరోదే. తడిసిన 70 కిలోల మనిషిని చేతులతో లాగడం ఎవరివల్లా కాదు. హార్బర్ లోపల ఒకరు నిజంగా నీళ్లలో దిగి, రెండోవాళ్లు కప్పీతో లేపి చూడండి. తర్వాత పాత్రలు మార్చుకోండి.

## 10. రేవు చేరడం, లంగరు

పడవల్లో గొడవలన్నీ ఇక్కడే. ముందు నిలబడ్డవాళ్ల మాట ఇంజన్ హోరులో వెనక్కి వినబడదు, వినబడక అరుస్తారు, అరిస్తే కోపమొస్తుంది. చేతి సైగలు పెట్టుకోండి. ఎడమ, కుడి, ముందుకు, వెనక్కి, న్యూట్రల్, ఐదు చాలు. మాటతో చెప్పాల్సి వస్తే "కొంచెం ఎడమ పక్కకు తిప్పుతారా" అక్కర్లేదు, "ఎడమ" అంటే చాలు. ఆ పది నిమిషాలు ఏమండీలు, మర్యాదలు పక్కన పెట్టొచ్చు.

లంగరు వేసేటప్పుడు పూర్తిగా గొలుసైతే లోతుకు 5 రెట్లు, తాడు కలిస్తే 7 రెట్లు వదలండి. లోతంటే నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కూడా కలపాలి. తర్వాత ఇంజన్ రివర్స్‌లో నెమ్మదిగా లాగి, ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకే వరుసలో నిలబడ్డాయా చూడండి.

## 11. తరచూ వచ్చే చిక్కులు

ఇంజన్ వేడెక్కింది. ఎగ్జాస్ట్‌లో నీళ్లు రావడం లేదంటే, నీళ్లు లాగే చోట ప్లాస్టిక్ కవర్ అడ్డం పడి ఉంటుంది, లేదా ఇంపెల్లర్ (నీళ్లు తోడే రబ్బరు చక్రం) పోయి ఉంటుంది. వెంటనే ఆపండి. విడి ఇంపెల్లర్లు రెండు, అది మార్చే పనిముట్లు పడవలోనే ఉండాలి.

ఇంజన్ దగ్గి ఆగిపోయింది. డీజిల్‌లో నీళ్లు, చెత్త. ఫిల్టర్ మార్చి గాలి తీయడం రేవులోనే నేర్చుకోండి.

ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంది. న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపండి. అలలున్నప్పుడు కిందికి దూకకండి, పడవ అడుగు తలకు తగులుతుంది. తెరచాపతో కదలండి, లోతు తక్కువుంటే లంగరేసి సాయం పిలవండి. వల తెగితే అవతలివాళ్లకు బతుకుతెరువు పోయినట్టే, తప్పించుకుపోకుండా మాట్లాడి తేల్చుకోండి.

రేవు చేరేసరికి చీకటి పడింది. తెలియని రేవులోకి రాత్రి దూరకండి. లోతు నీళ్లలోకి వెనక్కి వెళ్లి, తెరచాప ఎదురు పెట్టి పడవను నిలిపి తెల్లారేదాకా కాపలా మార్చుకోండి. విసుగే, కానీ పడవ మిగులుతుంది.

## 12. పడవ వదిలి ఇంటికొచ్చేటప్పుడు

- నీళ్లు లోపలికొచ్చే సీ కాక్‌లన్నీ మూయండి, బిల్జ్ పంపు ఆటోలో వదలండి
- గ్యాసు కట్టేసి, తిండి మొత్తం దించేయండి, బొద్దింకలు ఒక్క బిస్కెట్ ప్యాకెట్‌కే కాపురం పెడతాయి
- తాళ్లు రాసుకునే చోట పాత రబ్బరు గొట్టం తొడగండి
- చెన్నైలో ఉండే నమ్మకమైన మనిషి దగ్గర రెండో తాళం చెవి ఉంచండి

అక్టోబరు కంటే ముందే తెరచాపలు రెండూ విప్పి దించేయాలి. చుట్టి ఉంచిన తెరచాప తుపాను గాలికి విచ్చుకుని స్తంభాన్నే లాగేస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే వార్త రాగానే వెళ్లి తాళ్లు రెట్టింపు చేసి అదే రోజు తిరిగొచ్చేయండి. పోర్టులో సిగ్నల్ నంబర్ పెరిగాక, పడవ మీద ఉండి కాపాడుకుందామని తిరుపతి నుంచి పరుగెత్తకండి. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఇన్సూరెన్స్ కాగితం, దాన్ని ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు.